కుడి కన్ను తెరిచిన నేరం

ఎక్కడో ఎవరో నర్సుల మీద పరిశోధన చేశారు. చేస్తే చేశారు, వాళ్ళ తప్పేమీ లేదు. దిగులూ కంగారూ ఎక్కువగా ఉన్న నర్సులకు రక్తంలో కొవ్వు కూడా ఎక్కువగా ఉంటోందని తేల్చారు. కంగారు వల్లే కొవ్వు పెరుగుతోందో, నిద్ర లేక, వేళకు తిండి లేక రెండూ కలిసి పెరుగుతున్నాయో ఇంకా చూడాలని, ఈలోగా వార్డుల్లో మనుషుల్ని పెంచితే మంచిదని చివరి పేజీలో రాశారు. ఆ కాగితాలు రాజధానిలో పై ఆఫీసుకు చేరి, అక్కడ సర్క్యులర్‌గా మారి, రేవుగడ్డ జిల్లా ఆసుపత్రికి వచ్చాయి. చివరి పేజీ మాత్రం రాలేదు. జిరాక్స్ మిషన్‌లో కాగితం అయిపోయిందట.

సర్క్యులర్ సంగతి వినగానే అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి ఆడవాళ్ళ మెడికల్ వార్డు సిస్టర్ ఎస్తేరురాణి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఆవిడది. ఆ వార్డుకు మంచాలు నలభై, రోగులు అరవై ఇద్దరు, పూటకు నర్సులు ఇద్దరు. మూడో నర్సును ఇవ్వమని మూడేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టింది. రెండు నెలల కింద ఒకమ్మాయికి ఫిట్స్ వస్తే ఇద్దరు నర్సులూ ఆ మంచం దగ్గరే ఉండిపోయారు. అదే సమయంలో మూల మంచం మీది ముసలమ్మకు ఆక్సిజన్ సిలిండర్ అయిపోయింది. ఎస్తేరు చూసి పరిగెత్తేసరికి ఆవిడ పెదాలు నల్లబడిపోయాయి. భూమ్మీద నూకలుండి బతికింది. ఆ రోజు నుంచి ఎస్తేరు ఏ మంచం దగ్గరున్నా ఒక చెవి ఆ మూలకేసి పడేసే ఉంచేది.

"సునందా, దేవుడు కరుణించాడే! నర్సుల కంగారు పెద్దోళ్ళ దాకా వెళ్ళింది. ఈసారి మనకి ఇంకో మనిషిని ఇచ్చి తీరాలి," అంది తన జోడీ నర్సుతో. సునంద ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళే అయినా ఆసుపత్రిని బాగా చదువుకున్న పిల్ల. "చూద్దాం అక్కా," అని ఊరుకుంది.

మర్నాడు నర్సులందరినీ మీటింగ్ హాల్లో కూర్చోబెట్టారు. సూపరింటెండెంట్ డాక్టర్ చలపతి మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. ఆయన రోగిని ముట్టుకుని పదేళ్ళయింది గానీ మైకును ముట్టుకోని రోజు లేదు.

"సోదరీమణులారా! మీ శరీరం మీ సొంతమని మీరనుకుంటున్నారు. కాదు, అది ప్రభుత్వ సేవకు అంకితమైన సాధనం. ఆందోళన చెందడమంటే ఆ సాధనాన్ని మీరు చేజేతులా పాడుచేయడం. కనుక ఇకమీదట ఈ ఆవరణలో ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ ఆందోళన చెందరాదు. ఈ బృహత్కార్యానికి నోడల్ అధికారిగా ఏకాంబరం గారిని నియమించడమైనది."

ఏకాంబరం పరిపాలనాధికారి. ముప్పై ఏళ్ళుగా ఆయన ఫైళ్ళ మధ్యే పెరిగాడు. ఇంట్లో భార్య ఉప్పు తక్కువేసినా సంజాయిషీ అడుగుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఎస్తేరు లేచి నిలబడింది.

"సార్, మా వార్డుకి ఇంకో నర్సుని ఇప్పిస్తే సగం కంగారు పోతాదండి. రెండు నెలల కింద ఆక్సిజన్ అయిపోయినప్పుడు..."

ఏకాంబరం చెయ్యెత్తి ఆపాడు. "గమనించారా సార్? ఇంకొక నర్సు లేకపోతే ఏదో అయిపోతుందన్న భావన సదరు ఉద్యోగినిలో పాతుకుపోయి ఉన్నది. ఇది ఆందోళన తాలూకు ప్రాథమిక లక్షణం. ఈవిడ ఇదివరకే పదకొండు అర్జీలు పెట్టి ఉన్నారు. అనగా వ్యాధి మూడేళ్ళ నాటిది."

ఆ సాయంత్రమే పదకొండు అర్జీలూ బీరువాలోంచి బయటికొచ్చాయి. మూడేళ్ళలో వాటిని ఎవరైనా తెరవడం అదే మొదలు. వాటన్నిటికీ కలిపి ట్యాగు కట్టి, పైన 'రోగ లక్షణములు' అని రాసి, ఎస్తేరు సర్వీసు ఫైల్లో పెట్టారు.

ఇక చికిత్స మొదలైంది. ప్రతి నర్సూ రెండు గంటలకొకసారి తన ఆందోళన సున్నా నుంచి పది లోపు ఎంతుందో రిజిస్టర్లో రాయాలి. మూడు కాపీలు. అంకె మూడు దాటితే కారణం చూపాలి. కారణాలకు మూడు గడులున్నాయి: కుటుంబము, స్వభావము, ఇతరములు. 'పని' అన్న గడి లేదేమని సునంద అడిగితే, పని వల్ల ఆందోళన కలుగుతుందని ఒప్పుకుంటే పనికే చెడ్డపేరు వస్తుందని ఏకాంబరం చెప్పాడు. రిజిస్టరు రాయడానికి ఒక్కో విడతకు పావుగంట పట్టేది. ఆ పావుగంటలో ఆగిపోయిన ఇంజెక్షన్ల గురించి పుట్టే కంగారు తర్వాతి విడతలో రాసుకోవాలి. ఇంత చక్కని ఏర్పాటు మనిషన్నవాడికి ఊరికే తట్టదు.

ఇది చాలదన్నట్టు రోజూ పదకొండు గంటలకు, నాలుగు గంటలకు గంట కొట్టేవారు. గంట వినబడగానే నర్సులు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని, కళ్ళు మూసుకుని, పది నిమిషాలు గాఢంగా గాలి పీల్చి వదలాలి. డాక్టర్లకు అక్కర్లేదు, వాళ్ళ ఆందోళన 'బాధ్యత' పద్దు కిందికి వస్తుంది. పర్యవేక్షణాధికారులకూ మినహాయింపే. అందరూ కళ్ళు మూసుకున్నారో లేదో చూడటానికి ఎవరివో ఒకరివి తెరిచి ఉండాలి కదా!

మూడో రోజు పదకొండు గంటలకు ఎస్తేరు కళ్ళు మూసుకుని గాలి పీలుస్తోంది. పదిహేనో నంబరు మంచం దగ్గర్నుంచి ఒకాయన కేకేశాడు.

"ఏటమ్మా, అందరూ కునుకు తీస్తన్నారేటి? మా అమ్మకి సెలైను అయిపోనాది! నెత్తురు ఎనక్కొస్తంది, రండమ్మా!"

ఎస్తేరు ముందు కుడి కన్ను తెరిచింది. గొట్టంలో జానెడు మేర ఎర్రగా కనబడింది. ఒక్క ఉదుటున లేచి, వెళ్ళి, గొట్టం కట్టేసి, కొత్త సీసా తగిలించి వచ్చి మళ్ళీ కూర్చుని కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నానికి మెమో వచ్చింది.

"ఈ రోజు ఉదయం 11 గంటల 4 నిమిషములకు దీర్ఘశ్వాస సమయమున తాము కుడి కన్ను తెరిచి ఉన్నట్లు దిగువ సంతకందారు దృష్టికి వచ్చినది. సదరు కన్ను ఏ పరిస్థితులలో తెరవవలసి వచ్చినదో ఇరవై నాలుగు గంటలలోగా సంజాయిషీ సమర్పించవలెను."

"ఎడమ కన్ను మూసే ఉందని ఒక్క ముక్క మెచ్చుకోలేదు చూడక్కా," అంది సునంద.

సెలైన్ అయిపోయింది, రక్తం వెనక్కి వస్తోంది, అందుకని తెరిచానని ఎస్తేరు రాసిచ్చింది. జవాబు సాయంత్రానికల్లా వచ్చింది. సెలైన్ అయిపోవుట సెలైనుకు సంబంధించిన విషయమనీ, కన్ను మాత్రం తమదనీ, కావున సంజాయిషీ సంతృప్తికరముగా లేదనీ అందులో ఉంది. ఎస్తేరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఏడవాలో నవ్వాలో తెలియక, పదిహేనో నంబరుకు బీపీ చూడటానికి వెళ్ళిపోయింది.

వారం తిరగకుండా రక్త పరీక్షలు పెట్టారు. అరవై మంది నర్సుల్లో నలభై ఒక్కమందికి కొవ్వు రెండు వందలు దాటింది. ఎస్తేరుకు రెండు వందల నలభై ఆరు. సునందకు రెండు వందల ముప్పై ఒకటి. వాళ్ళ వార్డులో పూటలు మార్చుకుని పనిచేసే ఏడుగురిలో ఆరుగురి పేర్లు ఎర్ర సిరాతో వచ్చాయి. నెల రోజుల్లో మళ్ళీ పరీక్ష చేస్తామనీ, అప్పటికీ తగ్గని వాళ్ళందరినీ ఒకేసారి రాజధానిలో నలభై రోజుల మనోనిబ్బర శిబిరానికి పంపుతామనీ నోటీసు అంటించారు.

ఎస్తేరు పరుగున ఏకాంబరం గదికి వెళ్ళింది. "సార్, మేం ఆరుగురం పోతే నలభై రోజులు వార్డులో ఒక్క నర్సే మిగులుతాదండి. ఆ పిల్ల మాత్రం ఎన్ని పూటలు చేస్తాదండి? ఆ రోగులేమైపోవాలి?"

"శిబిరంలో ఉన్నవారు వార్డు గురించి ఆలోచించరాదు," అన్నాడు ఏకాంబరం, తల ఎత్తకుండానే. "మొదటి పాఠమే అది. తమరు ఇప్పటినుంచే అభ్యాసం చేయడం శ్రేయస్కరం."

ఆ నెల రోజులూ నలభై ఒక్కమంది పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. వెల్లుల్లి నమిలారు, మెంతులు మింగారు, వేపుళ్ళు మానేశారు. ఎస్తేరు గుడ్డు ముట్టుకోలేదు. కంగారు వల్ల కొవ్వు పెరుగుతుందని చెప్పారు కాబట్టి, కొవ్వు తగ్గదేమోనన్న కంగారు వల్ల ఇంకా పెరుగుతుందేమోనని ఇంకో కంగారు పట్టుకుంది. రిజిస్టర్లో మాత్రం అందరూ బుద్ధిగా సున్నా వేస్తూనే ఉన్నారు. పరీక్షకు రెండు రోజుల ముందు సునంద నెమ్మదిగా నోరు విప్పింది.

"అక్కా, రక్తం తీసేదెవరు?"

"మనమే."

"గొట్టం మీద పేరు అంటించేదెవరు?"

"మనమే. అయితే?"

"ల్యాబువాళ్ళకి గొట్టం మీది పేరు తప్ప మనిషి కనబడదు కదా. మొన్న మొదటి పరీక్షప్పుడు ఒక గొట్టం మిగిలిందని సరదాకి మన అసిరమ్మ రక్తం కూడా పంపించాను. ఎంతొచ్చిందో తెలుసా? నూట పన్నెండు."

అసిరమ్మ ఆ వార్డుతో కలిపి మూడు వార్డులు ఊడ్చి తుడిచే మనిషి. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చింది. గాలేస్తే పడిపోయేటట్టుంటుంది గానీ బాల్చీ నిండా నీళ్ళు మోసుకుంటూ ఎవర్నో ఒకర్ని పలకరిస్తూ తిరుగుతుంది. ఎస్తేరు మొదట ఛీ అంది. తప్పంది, దేవుడు చూస్తాడంది. తర్వాత అరవై ఇద్దరు రోగులకేసి చూసింది. మూల మంచం దగ్గర సిలిండరు బుసబుసలాడుతోంది. దేవుడికి తర్వాత చెప్పుకోవచ్చు అనుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే అసిరమ్మను గదిలోకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"అసిరమ్మా, పరగడుపునే వచ్చావా?"

"నానెప్పుడు తిని వచ్చినానమ్మా? పన్నెండింటికి కూసింత గంజి తాగితే మరి రేత్రికే."

"కొంచెం రక్తం కావాలే. పరీక్షకి."

"నాకేటైనా రోగమా తల్లీ?"

"నీక్కాదు. మాకు."

"మీ రోగానికి నా నెత్తురెందుకమ్మా?"

ఎస్తేరు తప్పించుకోకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. అంతా విని అసిరమ్మ కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. "అయితే తీసీయండి. మీరెల్లిపోతే ఈల్లని సూసీదెవులు?"

నరం దొరకడానికి ఎస్తేరుకు మూడుసార్లు పొడవాల్సొచ్చింది. ఆరు గొట్టాలు నింపింది. గంటలో సంగతి సర్జికల్ వార్డుకు పాకింది, అక్కణ్ణించి కాన్పుల వార్డుకు. "మీకో న్యాయం, మాకో న్యాయమా సిస్టర్?" అంటూ అక్కడి నర్సులూ గొట్టాలు పట్టుకుని వచ్చేశారు. ఇక చాలని ఎస్తేరు గుమ్మానికి అడ్డం నిలబడితే అసిరమ్మే వాళ్ళను లోపలికి పిలిచింది. మధ్యాహ్నానికి నలభై ఒక్క గొట్టాలూ నిండాయి. ఎస్తేరు క్యాంటీన్‌లో రెండు ఉడికిన గుడ్లు తెప్పించి, సూది గుచ్చిన చేత్తోనే పెంకు వలిచి ఆవిడకు తినిపించింది. తినిపిస్తుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ల్యాబు టెక్నీషియన్ తొలి పది ఫలితాలు చూసి మిషన్ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ నూట పన్నెండే. అతనికీ పెళ్ళాం బిడ్డలున్నారు కాబట్టి నలభై ఒక్కసార్లు నూట పన్నెండు రాసి సంతకం పెట్టాడు.

సూపరింటెండెంట్‌కు ఆ కాగితం చూసి కళ్ళు చెమర్చాయి. "ఒక్క అంకె తేడా లేదయ్యా! ఇదీ క్రమశిక్షణ అంటే!" అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో సగటు తీయడానికి ఇంత సులువైన స్టేట్‌మెంట్ ఎరగనని ఏకాంబరం కూడా ఒప్పుకున్నాడు. నలభై ఒక్కమంది మనుషుల్లో ఒకే రక్తం ఎలా పారుతోందన్న అనుమానం మాత్రం ఇద్దరికీ రాలేదు. అంకె మంచిదైతే దాన్ని అనుమానించడం ఆఫీసు మర్యాద కాదు.

పది రోజుల్లో పై ఆఫీసు నుంచి ఉన్నతాధికారి దిగారు. షామియానా వేశారు, పూలదండలు తెచ్చారు. నర్సులందరి తరఫునా శాలువా అందుకోవడానికి ఎస్తేరును ఎంచుకున్నారు. పదకొండు అర్జీల రోగిష్టి బాగుపడటం కంటే గొప్ప నిదర్శనం ఏముంటుంది? ఉన్నతాధికారి ఆవిడ భుజాల మీద శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"ఆందోళన లేదు అనగా అర్థమేమిటి? పని ఒత్తిడి లేదు అని. పని ఒత్తిడి లేదు అనగా? సిబ్బంది అవసరానికి మించి ఉన్నారు అని! ఈ ఆసుపత్రి సాధించిన విజయానికి గుర్తుగా ప్రతి వార్డు నుంచి పూటకు ఒక్క నర్సును ఉపసంహరించి, రాజధానిలో నూతనంగా నెలకొల్పుతున్న ఆందోళన నివారణ విభాగానికి పంపిస్తున్నామని ప్రకటించుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. మీరు రాసిన రిజిస్టర్లను వారు అక్కడ కూడి సరిచూస్తారు."

చప్పట్లు మోగాయి. మూడో నర్సును అడిగితే రెండో నర్సును పట్టుకుపోతున్నారు! సభా మర్యాద, ఉద్యోగం, అన్నీ మరిచిపోయి ఎస్తేరు మైకు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఆ రక్తం మాది కాదండి. మా అసిరమ్మది. నలభై ఒక్క గొట్టాలూ ఆవిడవే. మేం పంపించింది అబద్ధం. మా కంగారు ఎక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉంది. వార్డుకి ఒక్క మనిషైతే రోగులు చచ్చిపోతారండి. నన్నేం చేసినా సరే, ఆ నర్సు పిల్లల్ని మాత్రం తీసుకుపోకండి."

ఉన్నతాధికారి ఏకాంబరం వైపు వంగారు. "ఎవరీ అసిరమ్మ?"

"ఏజెన్సీ మనిషండి. మూడు వార్డులు ఊడుస్తుంది."

"మూడు వార్డులు ఊడుస్తూ కూడా నూట పన్నెండా?" ఉన్నతాధికారి మొహం విప్పారింది. "అద్భుతం! అయితే నాలుగోది కూడా అప్పగించండి."

సూపరింటెండెంట్ గబగబా మైకు లాక్కున్నారు. "మన సిస్టర్ వినయం చూశారా! తన విజయాన్ని ఒక చిన్న ఉద్యోగికి అంకితం చేస్తున్నారు! రక్తం ఎవరిదైతేనేమి, గణాంకాలు మన ఆసుపత్రివి!" మళ్ళీ చప్పట్లు. ఫొటోలు తీశారు. శిక్ష వేస్తారనుకున్న ఎస్తేరును ఎవరూ ఏమీ అనలేదు. శిక్ష వేయాలంటే నమ్మాలి కదా, నమ్మితే కప్పిన శాలువా వెనక్కి తీసుకోవాలి.

నాలుగో వార్డు తుడుస్తున్న మూడో రోజు పొద్దున అసిరమ్మ బాల్చీ పక్కన కూలబడి లేవలేకపోయింది. మోసుకొచ్చి ఎస్తేరు వార్డులోనే పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరు కనురెప్ప లాగి చూసి తిట్టాడు. "ఒంట్లో రక్తం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. తిండి లేక, రక్తం లేక ఉన్నవాళ్ళకి కొవ్వు తక్కువగానే వస్తుంది మరి! ఆ నూట పన్నెండు ప్రశాంతత కాదు, ఆకలి. వెంటనే రక్తం ఎక్కించండి."

సునందకు ఆ పూటే రాజధానికి రిలీవింగ్ ఆర్డరు. ఆర్డరు చేతిలో పట్టుకునే బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి, తన రక్తం ఆవిడకు సరిపోతుందని తేలాక ఒక బాటిల్ ఇచ్చింది. "బాకీ తీరలేదక్కా, కొంచెం తగ్గింది," అని కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది.

ఎస్తేరు ఒక్కతే మిగిలింది. ఇప్పుడు రోగులు అరవై ముగ్గురు. అసిరమ్మకు బాటిల్ తగిలించి, చుక్కలు మొదలుపెట్టి, పక్కనే నిలబడింది. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పావుగంట మనిషిని విడిచి కదలకూడదు, వణుకొచ్చినా ఆయాసమొచ్చినా తక్షణం ఆపేయాలి. నర్సన్నదానికి మొదట నేర్పే పాఠాల్లో అదొకటి.

"సలేస్తంది తల్లీ," అంది అసిరమ్మ నీరసంగా.

వార్డులో దుప్పట్లు లేవు. ఎస్తేరు బల్ల సొరుగులోంచి బహుమతి శాలువా లాగి ఆవిడకు కప్పింది. ఒక చేత్తో నాడి పట్టుకుంది, రెండో చెయ్యి గొట్టం మీద ఉంచింది. కళ్ళు చుక్కల మీద, చెవి మూల మంచం దగ్గరి సిలిండరు మీద.

పదకొండు గంటల గంట మోగింది.

గుమ్మంలో ఏకాంబరం నిలబడి ఉన్నాడు, చేతిలో అట్టతో, పెన్నుతో. "సిస్టర్, గంట కొట్టారు."

"వినబడిందండి."

"తమ కుడి కన్ను తెరిచి ఉన్నది."

"ఎడమది కూడా తెరిచే ఉందండి. ఈసారి సరిగ్గా చూసి రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. తేదీ వేశాడు, టైము వేశాడు, రెండు కళ్ళ గురించీ విడివిడిగా రాశాడు. ఆయన రాస్తున్నంతసేపూ ఎస్తేరు తల తిప్పలేదు. అసిరమ్మ వణుకు నెమ్మదిగా తగ్గుతోంది, నాడి కుదుటపడుతోంది. ఏకాంబరం మంచం దాకా వచ్చి మెమో చాపి, కింద చూపుడు వేలు పెట్టాడు.

"ముట్టినట్టు ఇక్కడ సంతకం చేయవలెను."

"చెయ్యి ఖాళీ లేదండి," అంది ఎస్తేరు, చుక్కల మీంచి చూపు తీయకుండా. "ఇంకో నర్సుని ఇప్పించండి, పెడతాను."